జపాన్ రైల్ పాస్ కొనాలా, వద్దా: 50 వేల యెన్ల లెక్క

శ్రీసిటీకి జపాన్ కంపెనీలు వచ్చాక తిరుపతి, సత్యవేడు, సూళ్లూరుపేట చుట్టుపక్కల ఇళ్లలో టోక్యో, ఒసాకా పేర్లు కొత్తగా వినిపించడం మానేశాయి. కంపెనీ పని మీద వెళ్లి వచ్చిన యువకుడు మరుసటి ఏడాది భార్యాబిడ్డలను తీసుకొని చూసి రావాలనుకుంటాడు. వీసా, విమానం టికెట్లు తేలిన తరువాత అతని ముందుకు వచ్చే మొదటి పెద్ద ఖర్చు రైల్ పాస్. మా వీధిలో అలా బయలుదేరుతున్న ఒక ఇంజినీరు గత నెల క్యాలెండరు కాగితం చించి, దాని వెనుక తెల్లటి వైపున తన లెక్క రాసుకొని తెచ్చి చూపించాడు. ఎడమ పక్క ఊళ్ల పేర్లు, కుడి పక్క యెన్లు ఉన్నాయి. అన్నిటికన్నా కింద రెండు గీతలు కొట్టి "పాస్, 7 రోజులు: 29,650" అని రాశాడు. "అందరూ కొనమనే అంటున్నారు కదన్నా" అన్నాడు.

ఆ 29,650 అన్న అంకె ఒకప్పుడు నిజమే, ఇప్పుడు కాదు. 2023 అక్టోబరు 1 నుంచి అదే ఏడు రోజుల సాధారణ తరగతి పాస్ ధర 50,000 యెన్లు అయింది. 14 రోజుల పాస్ 47,250 నుంచి 80,000కు, 21 రోజుల పాస్ 60,450 నుంచి 1,00,000కు పెరిగాయి. ధర ఒక్కసారిగా మూడింట రెండు వంతులు పెరిగింది గానీ, పాత ధర నాటి సలహాలు మాత్రం అంతర్జాలంలోనూ, వెళ్లి వచ్చినవాళ్ల నోటిలోనూ అలాగే ఉండిపోయాయి. గందరగోళానికి మూలం అక్కడే ఉంది కాబట్టి మొదటి నుంచి లెక్క కట్టుకుంటూ రావడం మంచిది.

పాస్ అంటే ఏమిటి

జపాన్‌లో ప్రభుత్వ రైల్వేను 1987లో విభజించి ప్రైవేటు సంస్థలుగా మార్చారు. ప్రయాణికుల రైళ్లు నడిపే ఆరు ప్రాంతీయ సంస్థలను కలిపి జేఆర్ గ్రూపు అంటారు. జపాన్ రైల్ పాస్ ఈ ఆరు సంస్థలూ కలిసి విదేశీ పర్యాటకుల కోసం అమ్మే టికెట్. ఒకసారి డబ్బు కడితే, ఎంచుకున్న 7, 14 లేదా 21 రోజులపాటు దేశమంతటా జేఆర్ రైళ్లలో ఎన్నిసార్లయినా తిరగవచ్చు. మన దేశంలోనూ విదేశీయులకు, ప్రవాస భారతీయులకు ఇండ్‌రైల్ పాస్ అని ఒకటి ఉండేది, తరువాత దాన్ని ఆపేశారు.

పాకాల నుంచి తిరుపతికి రోజూ రైల్లో వచ్చి పనిచేసుకొనే ఉద్యోగికి ఇందులోని కిటుకు ఎవరూ చెప్పనక్కరలేదు. నెలలో ఎన్ని రోజులు రైలెక్కితే సీజన్ టికెట్ గిట్టుతుందో అతనికి నోటి లెక్క. ఆ సీజన్ టికెట్ జేబులో ఉన్నంత మాత్రాన రిజర్వేషన్ బోగీ ఎక్కకూడదని కూడా అతనికి తెలుసు. జపాన్ పాస్‌లోనూ ఇవే రెండు సంగతులు: ఎంత తిరిగితే గిట్టుతుంది, ఏ రైళ్లలో చెల్లదు. తేడా ఒక్కటే. ఉద్యోగి రోజూ పోయే దారి ఒకటే, పర్యాటకుడి దారి ప్రతిసారీ వేరు. అందుకే పాస్ మంచిదా కాదా అన్న ప్రశ్నకు దానంతట దానికి జవాబు లేదు. ముందు ఏ రోజు ఏ ఊరో రాసుకుంటేనే జవాబు వస్తుంది.

విడి టికెట్ ధర ఎలా ఏర్పడుతుంది

పాస్‌ను దేనితో పోల్చాలో తెలియాలంటే విడి టికెట్‌ను విప్పి చూడాలి. మన రైలు టికెట్‌లో మూల ఛార్జీ, రిజర్వేషన్ ఛార్జీ, సూపర్‌ఫాస్ట్ ఛార్జీ కలిసి ఉన్నట్టే, జపాన్ బుల్లెట్ రైలు షింకన్‌సెన్ టికెట్‌లోనూ రెండు భాగాలు ఉంటాయి. ఒకటి దూరాన్నిబట్టి మూల ఛార్జీ, రెండోది వేగానికీ సీటుకూ కట్టే ఎక్స్‌ప్రెస్ ఛార్జీ. టోక్యో నుంచి క్యోటోకు అత్యంత వేగంగా పోయే నొజోమి రైల్లో మూల ఛార్జీ 8,360, ఎక్స్‌ప్రెస్ ఛార్జీ 5,810, వెరసి 14,170 యెన్లు. టోక్యో నుంచి ఒసాకా నగరంలోని షిన్ ఒసాకా స్టేషనుకు 14,720. ఇవి 2023 అక్టోబరు తరువాత, రద్దీ లేని సాధారణ రోజుల్లో ఉన్న రిజర్వుడు సీటు ధరలు. పండుగ రోజుల్లో కొన్ని వందలు ఎక్కువ ఉంటాయి. ఈ వ్యాసంలోని లెక్కలన్నీ ఈ ధరల మీదే కట్టాను. టికెట్ తీసుకొనే రోజున ఉన్న ధరలు వేసి మళ్లీ కూడుకోవాలి, పద్ధతి మాత్రం అదే.

దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే మూల ఛార్జీ తగ్గుతుంది. దారిలో దిగి మళ్లీ ఎక్కే సదుపాయం, మనం బ్రేక్ జర్నీ అనేది, అక్కడ వంద కిలోమీటర్లు దాటిన మూల టికెట్‌కు సాధారణంగా ఉంటుంది. టోక్యో నుంచి హిరోషిమాకు ఒకే మూల టికెట్ తీసుకొని, ఎక్స్‌ప్రెస్ టికెట్లను మాత్రం టోక్యో–క్యోటో, క్యోటో–హిరోషిమా అని రెండుగా తీసుకుంటే, రెండు పూర్తి టికెట్లు కొన్నదానికన్నా మనిషికి సుమారు మూడు వేల యెన్లు మిగులుతాయి. టికెట్ గడువు రోజుల లోపల ప్రయాణం ముగించాలన్నదే షరతు. పాస్ గిట్టుతుందని చూపించే లెక్కల్లో ఈ సంగతి ఎక్కడా కనిపించదు. విడి టికెట్లను అత్యంత ఖరీదైన పద్ధతిలో కూడి, ఆ మొత్తాన్ని పాస్ పక్కన పెడతారు. టికెట్ కిటికీ దగ్గర అడిగి తీసుకొనే ఓపిక ఉన్నవారికి ఈ మూడు వేలు తేలికగా వచ్చే డబ్బు.

మొదటి లెక్క: టోక్యో, క్యోటో, ఒసాకా, మళ్లీ టోక్యో

మా ఇంజినీరు కాగితంలో ఉన్నది ఈ దారే. తొమ్మిది రోజులు. నరితా విమానాశ్రయంలో దిగి టోక్యోలో మూడు రోజులు, క్యోటోలో మూడు రోజులు, మధ్యలో ఒక పూట దగ్గరలోని నారా, చివర ఒసాకా చూసుకొని టోక్యో వచ్చి విమానం ఎక్కడం. జపాన్‌కు మొదటిసారి వెళ్లే కుటుంబాల్లో ఎక్కువమంది దారి ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

టోక్యో–క్యోటో 14,170, షిన్ ఒసాకా–టోక్యో 14,720, రెండూ కలిపి 28,890. నరితా ఎక్స్‌ప్రెస్‌లో విదేశీయులకిచ్చే రానూపోనూ టికెట్ 5,000. నారా వెళ్లి రావడం, క్యోటో నుంచి ఒసాకా, టోక్యో నగరం లోపల తిప్పే జేఆర్ యమనోతె లైను వంటి చిన్న ప్రయాణాలన్నిటికీ ధారాళంగా 4,000 వేసుకుందాం. మొత్తం 37,890 యెన్లు. పాస్ 50,000. అంటే పాస్ కొంటే పెద్దవాళ్లకు తలకు 12,110 యెన్లు నష్టం.

ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకు పాస్ సగం ధరే, విడి టికెట్ కూడా సగమే. కాబట్టి పిల్లలున్నారన్న కారణం తూకాన్ని ఏ వైపూ మార్చదు. ఇద్దరు పెద్దలు, తొమ్మిదేళ్ల పాప ఉన్న ఈ కుటుంబం రెండున్నర పాస్‌లు కొన్నట్టు. నష్టం 30,275 యెన్లు. యెన్ 57 పైసలు అనుకుంటే సుమారు 17,250 రూపాయలు.

ఇదే దారికి పాత ధర వేసి చూడండి. 29,650 కట్టి 37,890 విలువైన ప్రయాణం చేసినట్టు, తలకు 8,240 యెన్లు మిగులు. అంటే ఆరోజు "కళ్లు మూసుకొని కొను" అని చెప్పినవాళ్లు తప్పు చెప్పలేదు. అప్పట్లో టోక్యో–క్యోటో రానూపోనూ ఛార్జీ దాదాపు పాస్ ధరతో సమానం, ఆ పైన తిరిగిందంతా లాభమే. ఆ సలహా ఇచ్చినవారి మీద కోపం అక్కరలేదు, సలహా ఏ సంవత్సరానిదో చూసుకుంటే చాలు.

రెండో లెక్క: హిరోషిమా చేరిస్తే

ఇక్కడ లెక్క చిక్కుపడుతుంది. టోక్యో–క్యోటో 14,170, క్యోటో–హిరోషిమా 11 వేల పైచిలుకు (11,500 వేసుకుందాం), హిరోషిమా నుంచి నేరుగా టోక్యో సుమారు 19,700. ఈ మూడూ కలిపితే 45,370. చిన్న ప్రయాణాలకు 4,000 చేరిస్తే 49,370. విమానాశ్రయం ఛార్జీ 5,000 కూడా చేరిస్తే 54,370. చూడగానే పాస్ నాలుగు వేలు గెలిచినట్టు కనిపిస్తుంది.

కానీ పాస్ ఏడు రోజులది, ప్రయాణం తొమ్మిది రోజులది. పాస్ రోజులు వరుసగా లెక్కకు వస్తాయి, మధ్యలో ఆపుకోవడానికి వీలుండదు. పైగా అవి గంటల లెక్క కాదు, క్యాలెండరు రోజుల లెక్క. సాయంత్రం ఐదింటికి విమానం దిగి పాస్ మొదలుపెడితే ఆ సాయంత్రమే ఒక రోజు కింద పోతుంది. కాబట్టి రాకపోకల్లో ఒకదానికి విమానాశ్రయం టికెట్ విడిగా కొనక తప్పదు. పైన చెప్పిన బ్రేక్ జర్నీ పద్ధతిలో విడి టికెట్లు తీసుకుంటే మరో మూడు వేలు తగ్గుతాయి. అప్పుడు రెండు వైపులా అంకెలు పక్కపక్కకు వచ్చి నిలబడతాయి. వెయ్యి, రెండు వేల తేడా ఎటైనా ఉండవచ్చు.

అలాంటప్పుడు నిర్ణయించేది నొజోమి రైలు. టోక్యో–ఒసాకా మార్గంలో అన్నిటికన్నా వేగంగా, అన్నిటికన్నా తరచుగా నడిచేది అదే. సుమారు రెండున్నర గంటల్లో చేరుస్తుంది. పాస్ ఉన్నవారికి ఉచితంగా దొరికేవి అదే మార్గంలో నడిచే హికారి, కొదామ రైళ్లు. హికారికి దాదాపు మూడు గంటలు, ప్రతి స్టేషనులో ఆగే కొదామకు నాలుగు గంటలు పడుతుంది. 2023 అక్టోబరుకు ముందు పాస్ చేతిలో ఉంటే నొజోమి ఎక్కే వీలే లేదు. ఇప్పుడు అదనపు టికెట్ కొని ఎక్కవచ్చు. టోక్యో–క్యోటోకు 4,960, టోక్యో–హిరోషిమాకు 6,500. హికారికి సర్దుకొనేవారికి ఈ ఖర్చు లేదు. అయితే టోక్యో నుంచి హిరోషిమా వెళ్లాలంటే వాళ్లు దాదాపు ఎప్పుడూ దారిలో రైలు మారాలి. అమ్మానాన్నలను వెంటబెట్టుకొని, పెద్ద సూట్‌కేసులతో వెళ్లేవారు ఆ రైలు మార్పును చిన్న విషయంగా తీసుకోకూడదు. ఈ మార్గంలో పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెకు ముందుగా దానికి తగ్గ సీటును రిజర్వు చేసుకోవాలి. మనవాళ్లు చెన్నై విమానాశ్రయంలో తూకం వేయించే అతి పెద్ద పెట్టెలు కొన్ని ఈ కొలత దాటుతాయి. ఇంట్లోనే ఒకసారి టేపు పెట్టి చూసుకోవడం మేలు.

మూడో లెక్క: నిలువునా తిరిగేవారు

జపాన్ పొడవాటి దేశం. పాస్ నిజంగా గిట్టేది ఆ పొడవును వాడుకొనేవారికే. టోక్యో నుంచి క్యుషు దీవిలోని హకాతాకు విడి టికెట్ 23 వేల యెన్ల పైన. అక్కడి నుంచి దక్షిణపు కొసన ఉన్న కగోషిమాకు మరో 10 వేల పైన. వెళ్లి వస్తే 66 వేలు దాటుతుంది. ఏడు రోజుల్లో దారిలో హిరోషిమా, క్యోటో కూడా దిగి చూసుకుంటూ ఈ దారి పట్టేవారికి 50,000 యెన్ల పాస్ ఇప్పటికీ చవక. ఉత్తరాన హొక్కైడో వైపు వెళ్లి, అదే వారంలో క్యోటో కూడా చూసేవారిదీ ఇదే లెక్క. అయితే హకాతాకు గానీ, హొక్కైడోకు గానీ విమానాలు దండిగా ఉన్నాయని, ముందుగా కొంటే అవి తరచు రైలు కన్నా తక్కువకే దొరుకుతాయని కూడా గుర్తుంచుకోవాలి. రైలు ప్రయాణమే ఇష్టమైనవారికి ఈ మాట వర్తించదు.

14 రోజుల పాస్‌కు రోజుకు 5,714 యెన్లు, ఏడు రోజుల దానికి 7,143 పడుతుంది కాబట్టి పెద్దదే లాభమని కొందరు అంటారు. ఈ రోజువారీ సగటు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. టోక్యోలో నాలుగు రోజులు మెట్రోలో తిరుగుతూ ఉంటే ఆ నాలుగు రోజులూ పాస్ వృథాయే. రెండు వారాలు ఉండేవారు దూర ప్రయాణాలన్నిటినీ ఒక వారంలోకి జరుపుకొని ఏడు రోజుల పాస్ తీసుకోవడమే నయం.

ప్రాంతీయ పాస్ అనే మూడో దారి

ప్రశ్నను "పాస్ కొనాలా, విడి టికెట్లా" అని రెండు ముక్కలుగా అడగడంలోనే చాలామంది నష్టపోతున్నారు. ఆరు జేఆర్ సంస్థలు ఒక్కొక్కటి తమ ప్రాంతం వరకే చెల్లే చిన్న పాస్‌లు కూడా అమ్ముతాయి. వాటిలో మన లెక్కకు బాగా పనికివచ్చేది పశ్చిమ జేఆర్ వారి కన్సాయ్–హిరోషిమా పాస్. కన్సాయ్ అంటే ఒసాకా, క్యోటో ఉన్న ప్రాంతం. ఐదు రోజులకు 17,000 యెన్లు. షిన్ ఒసాకా–హిరోషిమా షింకన్‌సెన్, అందులోనూ అదనపు టికెట్ అవసరం లేకుండా నొజోమి, క్యోటో, నారా, ఒసాకాల మధ్య జేఆర్ మామూలు రైళ్లు, హిరోషిమా దగ్గరి మియాజిమ దీవికి పోయే పడవ, ఒసాకా దగ్గరి కన్సాయ్ విమానాశ్రయానికి పోయే హరుకా రైలు, ఇవన్నీ దానిలో వస్తాయి. క్యోటో–షిన్ ఒసాకా మధ్య షింకన్‌సెన్ మాత్రం రాదు. ఆ ముక్క వేరే జేఆర్ సంస్థది. అరగంటలో పోయే మామూలు వేగవంతమైన రైలు ఎక్కితే సరిపోతుంది.

ఇప్పుడు టోక్యోలో దిగి, ఒసాకా నుంచి తిరుగు విమానం ఎక్కేలా ప్రయాణం వేసుకున్నామనుకోండి. టోక్యో–క్యోటో 14,170, ఆపై ఈ పాస్ 17,000, మొత్తం 31,170. నరితా నుంచి టోక్యోకు వచ్చే టికెట్ ఒక్కటే విడి. చెన్నై నుంచి సింగపూర్, బ్యాంకాక్, కౌలాలంపూర్ మీదుగా పోయేవారికి వెళ్లేటప్పుడు ఒక ఊరు, వచ్చేటప్పుడు ఇంకో ఊరు పెట్టుకోవడం కష్టం కాదు, చాలాసార్లు ఛార్జీ కూడా పెద్దగా పెరగదు. రైలు లెక్క చూసుకొనేలోపే రానూపోనూ విమానం టికెట్లు టోక్యోకే కొనేసుకోవడం మనవాళ్లు తరచు చేసే పొరపాటు. రైలు దారి గీసుకున్న తరువాతే విమానం కొనాలి.

ఎక్కడ చెల్లదు, ఎవరికి చెల్లదు

పాస్ మీద "జపాన్" అని ఉంది కాబట్టి జపాన్‌లోని రైళ్లన్నీ ఎక్కవచ్చని అనిపిస్తుంది. టోక్యో మెట్రో, తోయె సబ్‌వే ఎక్కకూడదు. ఒడాక్యు, కింతెత్సు, హంక్యు వంటి ప్రైవేటు లైన్లకు అది చెల్లదు. క్యోటోలో ఫుషిమి ఇనారి గుడికి జేఆర్ రైలు ఉంది, పాస్ పనికివస్తుంది. బంగారు మందిరం కిన్‌కకుజికి ఎక్కువమంది సిటీ బస్సులో పోతారు, అక్కడ పనికిరాదు. ఊళ్ల లోపల తిరగడానికి, ముందే డబ్బు వేసుకొని వాడే సుయికా వంటి కార్డు పాస్ ఉన్నా లేకున్నా కావలసిందే.

ఎవరికి చెల్లుతుందన్నది మన ప్రాంతంవారు ప్రత్యేకంగా చూసుకోవాలి. విదేశీయుల్లో ఈ పాస్ "తాత్కాలిక సందర్శకుడు" అన్న హోదాలో జపాన్‌లో ప్రవేశించేవారికి మాత్రమే. పర్యటనకు వెళ్లేవారికి, కొద్ది రోజుల వ్యాపార సమావేశాలకు వెళ్లేవారికి ఆ హోదా వస్తుంది. కంపెనీ శిక్షణ కోసం ట్రైనీ హోదాతోనో, ఉద్యోగ వీసా మీదో వెళ్లేవారికి రాదు. విమానాశ్రయంలో అధికారి పాస్‌పోర్టులో అంటించే చిన్న స్టిక్కరు మీద ఆ హోదా ముద్రించి ఉంటుంది. పాస్ ఇచ్చే కౌంటరులో ఆ పేజీ తెరిచి చూస్తారు. ఇక్కడి నుంచి కొనుక్కుపోయేది చాలావరకు పాస్ కాదు, మార్పిడి పత్రం. మూడు నెలల లోపల అక్కడ పాస్‌పోర్టు చూపించి అసలు పాస్‌గా మార్చుకోవాలి. శిక్షణకు వెళ్తూ డబ్బు కట్టేసి, కౌంటరు ముందు నిలబడి ఈ నియమం తెలుసుకొనే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

లెక్కకు అందని వాదనలు

పాస్ కొనమనేవారి వాదన డబ్బుతో ఆగిపోదు. ఒక రైలు తప్పితే మరొకటి ఎక్కవచ్చు, వాన పడితే ఊరు మార్చుకోవచ్చు, ప్రతిసారీ టికెట్ కొనే బెడద లేదు. భాష రాని దేశంలో ఆ నిశ్చింతకు విలువ ఉందనడం న్యాయమే. అయితే ఇప్పుడు రిజర్వుడు టికెట్లు ఫోనులోనే కొనుక్కోవచ్చు. మామూలు రిజర్వుడు టికెట్‌ను కూడా రైలు బయలుదేరేలోపు ఒకసారి ఉచితంగా మార్చుకోవచ్చు. కాబట్టి ఆ సౌకర్యం విలువ ఒకప్పుడు ఉన్నంత లేదు. పాస్ పోగొట్టుకుంటే మళ్లీ ఇవ్వరన్నది కూడా ఈ తూకంలోనే వేయాలి.

వద్దనేవారి వాదన ఇంకో రకం. కట్టిన డబ్బు రాబట్టాలన్న ఆరాటంతో మనుషులు అవసరం లేని ఊళ్లకు పరుగులు తీస్తారని, క్యోటోలో ఒక గుడి మెట్ల మీద గంటసేపు కూర్చోవలసిన పూట రైల్లో గడిచిపోతుందని వారంటారు. నాకు ఈ వాదనలోనే ఎక్కువ బలం కనిపిస్తుంది, ముఖ్యంగా పిల్లలు, పెద్దలు వెంట ఉన్నప్పుడు. ఒంటరిగా, వీపున ఒక సంచితో, రైలు కిటికీలో దేశాన్ని చూడాలని వెళ్లే పాతికేళ్ల కుర్రాడి విషయంలో అదే పరుగు ప్రయాణానికి అసలు ఉద్దేశమై ఉండవచ్చు. అతనికి పాస్ చేతిలో ఉండటమే మంచిదని ఒప్పుకుంటాను.

మా ఇంజినీరు తిరుగు విమానాన్ని ఒసాకా నుంచి అడిగి చూశాడు. ముగ్గురికీ కలిపి నాలుగు వేల రూపాయలు ఎక్కువ చెప్పారు, దానికి సరేనన్నాడు. క్యాలెండరు కాగితం మీద 29,650 కొట్టేసి, పక్కన 50,000 రాసి, దాన్నీ కొట్టేశాడు. కింద 14,170, 17,000 వేసి కూడాడు. మిగిలిన చోట హిరోషిమా పేరు కొత్తగా చేర్చుకున్నాడు.